పర్లాకిమిడి క్లినిక్ ఫారంలో 05/03 మే 3 ఎందుకైంది: యాక్సెస్‌లో తేదీల తారుమారు, దాన్ని సరిచేసే దారి

మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. నాకు అర్థమైంది ముందు చెప్తాను, తప్పుంటే దిద్దండి. ఒడిశాలో, ఆంధ్ర సరిహద్దున ఉన్న పర్లాకిమిడిలో చిన్న క్లినిక్. పాతపట్నం, మెళియాపుట్టి, కాశీనగర్ వైపు నుంచి గర్భిణులు చూపించుకోవడానికి వస్తారు. మైక్రోసాఫ్ట్ యాక్సెస్ 2016లో (వివరాలు టేబుళ్ళుగా దాచుకునే ప్రోగ్రాం) మీరే చేసుకున్న ఫారం. డేటా ఫైలు ముందు గది కంప్యూటర్‌లో ఉంది, దాన్ని మూడు చోట్ల నుంచి తెరుస్తారు. ముందు గదిలో 05/03/2024 అని కొడితే మార్చి 5గానే నిలుస్తోంది. డాక్టరమ్మ గదిలో అదే తేదీతో వెతికితే ఒక్క పేరూ రావడం లేదు, 13/03 తో వెతికితే మాత్రం అందరూ వస్తున్నారు. కొత్తగా కొన్న ల్యాప్‌టాప్‌లో నమోదు చేస్తున్నప్పుడే 05/03 కాస్తా మే 3 అయిపోతోంది. ఒకావిడ ఎల్‌ఎంపీ (చివరి నెలసరి మొదలైన రోజు) 07/04/2024 అని రాయిస్తే ప్రసవం 2025 ఏప్రిల్‌లో అని చూపించింది. స్కానింగ్‌తో పొంతన కుదరక అప్పుడు పట్టుకున్నారు.

పరిష్కారానికి ముందు ఒక పని చేయండి, అది ఈ రాత్రికే. ఆవిడ లెక్క చూడండి. ఏప్రిల్ 7కి 280 రోజులు కలిపితే ప్రసవం 2025 జనవరి 12. కంప్యూటర్ దాన్ని జూలై 4 అనుకుంది కాబట్టి 2025 ఏప్రిల్ 10 వచ్చింది. 88 రోజుల తేడా. జనవరిలో ఆసుపత్రికి చేరాల్సిన మనిషికి ఏప్రిల్‌లో రమ్మని చీటీ ఇచ్చినట్టు. ఈవిడ దొరికింది, దొరకనివాళ్ళు ఇంకెందరున్నారో ఆ టేబుల్‌లో. కాబట్టి ల్యాప్‌టాప్ వచ్చిన రోజు నుంచి నమోదైన గర్భిణుల పేర్లన్నీ ప్రింట్ తీసి, ఎల్‌ఎంపీలో రోజు 12 లోపు ఉన్నవాళ్ళను ఓపీ రిజిస్టర్‌తో పోల్చండి. కోడ్ రేపు దిద్దుకోవచ్చు.

ఇక అసలు విషయం. మీ క్లినిక్‌లో ఉన్నది ఒక లోపం కాదు, రెండు. రెండూ ఒకేలా కనిపిస్తాయి కాబట్టి ఒకదానికి వేసిన మందు రెండోదానికి పనిచేయక మీకు అంత టెన్షన్ వచ్చింది.

యాక్సెస్ తేదీని రోజు, నెల, సంవత్సరం అని విడివిడిగా దాచుకోదు. ఒక అంకెగా దాచుకుంటుంది. 1899 డిసెంబర్ 30ని సున్నా అనుకుని అక్కడి నుంచి ఎన్ని రోజులైతే అంత. 2024 మార్చి 5 అంటే దానికి 45356. 2024 మే 3 అంటే 45415. గంటలు, నిమిషాలు ఉంటే అవి దశాంశం తర్వాత వస్తాయి. ఒకసారి 45356 అని లోపలికి వెళ్ళిందంటే ఇక అందులో సందేహం ఏమీ లేదు, ఏ కంప్యూటర్‌లో తెరిచినా అది మార్చి 5. తారుమారు ఎప్పుడూ గుమ్మం దగ్గరే జరుగుతుంది: మనం కొట్టిన అక్షరాలు అంకెగా మారేటప్పుడు.

ఆ గుమ్మాలు రెండు. వాటి దగ్గర కాపలా ఉన్నవాళ్ళు వేరు, వాళ్ళ భాష వేరు.

మొదటిది ఫారంలోని పెట్టె. అక్కడ మీరు టైపు చేసింది చదివేది విండోస్ రీజియన్ సెట్టింగ్ ప్రకారం. ఇంగ్లీష్ (ఇండియా) అని ఉంటే రోజు ముందు, ఇంగ్లీష్ (యునైటెడ్ స్టేట్స్) అని ఉంటే నెల ముందు. కొత్త ల్యాప్‌టాప్‌లు కొన్ని అమెరికా సెట్టింగ్‌తో చేతికొస్తాయి. మీ ల్యాప్‌టాప్ జబ్బు ఇదే.

రెండోది ఎస్‌క్యూఎల్ వాక్యం, అంటే టేబుల్‌లోంచి వెతికి తెమ్మని కోడ్ యాక్సెస్‌కి ఇచ్చే ఆజ్ఞ. అందులో రెండు # గుర్తుల మధ్య రాసిన తేదీని యాక్సెస్ చదివే పద్ధతికి మీ విండోస్ సెట్టింగ్‌తో సంబంధం లేదు. #05/03/2024# అని ఉంటే ఢిల్లీలోనైనా డల్లాస్‌లోనైనా అది మే 3. నెల ముందు అన్నది అక్కడ శిలాశాసనం. ఒక్క మినహాయింపు, సంవత్సరం ముందు పెట్టి #2024-03-05# అని రాస్తే దాన్ని మార్చి 5గానే చదువుతుంది.

ఇప్పుడు డాక్టరమ్మ గదిలో జరిగేది చూడండి. ఆ కంప్యూటర్‌లో ఇండియా సెట్టింగే ఉంది. వెతికే పెట్టెలో 05/03/2024 కొట్టారు, అది మార్చి 5గానే అర్థమైంది. తర్వాత మీ బటన్ వెనక కోడ్ ఒక #, ఆ పెట్టెలోని విలువ, ఇంకో # అంటించి వాక్యం తయారుచేస్తుంది. అలా అంటించేటప్పుడు 45356 అన్న అంకె మళ్ళీ అక్షరాలవుతుంది, అదీ మన పద్ధతిలో: 05-03-2024. ఆ అక్షరాలను ఎస్‌క్యూఎల్ అందుకుని అమెరికా కళ్ళద్దాలు పెట్టుకుని చదువుతుంది. మే 3న వచ్చినవాళ్ళను వెతుకుతుంది. ఎవరూ ఉండరు. 13/03 కొడితే ఎందుకు పనిచేసింది? పదమూడో నెల లేదు కనుక. అలాంటప్పుడు యాక్సెస్ తప్పు అని ఆగదు, గొడవ చేయకుండా తిప్పి చదువుకుంటుంది. నన్ను అడిగితే ఈ మొత్తం వ్యవహారంలో అన్నిటికంటే ప్రమాదకరమైనది ఈ మంచితనమే. ఆగి అడిగి ఉంటే మొదటి రోజే మీకు తెలిసేది.

ఎన్ని తేదీలు ఇలా చిక్కుతాయో లెక్క కట్టొచ్చు. పన్నెండు నెలల్లో మొదటి పన్నెండు రోజులు, అంటే 144. అందులో 01/01, 02/02 లాంటివి పన్నెండు ఎటు తిప్పినా అవే. మిగిలినవి 132. ఏడాదిలో మూడో వంతు పైన. నెలలో రెండో సగంలో పరీక్ష చేస్తే ఒక్క తప్పూ కనబడదు. మీరు ఫారం తయారుచేసి 20వ తారీఖునో 25వ తారీఖునో సరిచూసుకుని ఉంటారు, అందుకే అన్నీ బాగున్నాయి అనిపించింది.

నా అనుభవం ఒకటి చెప్తాను. చాలా ఏళ్ళ క్రితం బరంపురంలో ఒక తాకట్టు దుకాణానికి యాక్సెస్‌లో లెక్కల ఫారం చేసిచ్చాను. గడువు దాటినవాళ్ళ జాబితా తీసే బటన్ వెనక నేను రాసిన వాక్యం సరిగ్గా మీది లాంటిదే. అంటించిన #, తేదీ, #. నెల మధ్యలో పరీక్షించి ఇచ్చేశాను. తర్వాతి నెల మొదటి వారంలో ఆ జాబితా చూసి గడువు ఇంకా ఉన్నవాళ్ళకు నోటీసులు పంపారు. ఒక పెద్దాయన కూతురి గొలుసు తాకట్టు పెట్టినవాడు, రసీదు చేత్తో పట్టుకుని పొద్దున్నే దుకాణం తెరవకముందే వచ్చి మెట్ల మీద కూర్చున్నాడు. "బాబూ, దీంట్లో ఇంకా రెండు నెలలు రాసుంది గదా, గొలుసు అమ్మేస్తారా?" అని నన్నే అడిగాడు, నేను అక్కడ పనిచేసేవాణ్ణి అనుకుని. తప్పు నాది. రసీదు మీద తేదీ సరైనదే, ఫైల్లో తేదీ కూడా సరైనదే, నా వాక్యం ఒక్కటే తప్పు. అప్పటి నుంచి తేదీ తగిలే ఏ బటన్‌నైనా నాలుగు తేదీలతో పరీక్షించకుండా ఎవరికీ ఇవ్వలేదు: 5వ తారీఖు, 13వ తారీఖు, నెలాఖరు, ఫిబ్రవరి 29.

మీ మూడు కంప్యూటర్లలో ఏది ఏ జబ్బో తేల్చుకోవడానికి సులువైన పరీక్ష ఉంది. ఫారంలోని తేదీ పెట్టెకు ఫార్మాట్ దగ్గర రోజు, మూడక్షరాల నెల పేరు, నాలుగంకెల సంవత్సరం వచ్చేలా పెట్టండి, అంటే రెండు డీలు, మూడు ఎమ్‌లు, నాలుగు వైలు. ఇప్పుడు 05/03/2024 కొట్టి ట్యాబ్ నొక్కండి. పెట్టెలో మే అని కనిపిస్తే ఆ కంప్యూటర్‌లో మొదటి గుమ్మం జబ్బు. మార్చి అని కనిపించి కూడా వెతికినప్పుడు పేర్లు రాకపోతే రెండోది. ఫార్మాట్ అనేది చూపించే తీరును మాత్రమే మారుస్తుంది, చదివే తీరును మార్చదు. చాలామంది ఇక్కడే పొరబడతారు. ఫార్మాట్‌లో రోజు ముందు పెట్టాను కదా, రోజు ముందే చదువుతుంది అనుకుంటారు. చదవదు.

వెతికే బటన్‌కి మందు. తేదీని అంటించే ముందు ఫార్మాట్ ఫంక్షన్‌తో సంవత్సరం ముందు వచ్చేలా మార్చండి: నాలుగు వైలు, అడ్డగీత, రెండు ఎమ్‌లు, అడ్డగీత, రెండు డీలు. అటూ ఇటూ # గుర్తులు కూడా అదే ఫార్మాట్‌లో పెట్టేయొచ్చు, కాకపోతే # ముందు బ్యాక్‌స్లాష్ ఉండాలి, లేకపోతే దాన్ని అంకె పట్టే చోటు అనుకుంటుంది. ఏటవాలు గీత వాడకండి. ఫార్మాట్ ఫంక్షన్‌లో ఆ గీత అంటే 'ఈ కంప్యూటర్‌లో తేదీల మధ్య పెట్టే గుర్తు' అని అర్థం, ఒక్కో కంప్యూటర్‌లో ఒక్కోటి వస్తుంది. ఈ మార్పు చేసే పనిని ఒక చిన్న ఫంక్షన్‌గా ఒకే చోట రాసుకుని అన్ని బటన్ల నుంచి దాన్నే పిలవండి. డీలుకప్, డీకౌంట్ (టేబుల్‌లోంచి విలువ తెచ్చే, లెక్కపెట్టే ఫంక్షన్లు), ఫారం ఫిల్టర్, రిపోర్ట్ తెరిచేటప్పుడు ఇచ్చే షరతు, వీటన్నిటికీ ఇదే సూత్రం. ఎక్కడో ఒక్కటి వదిలేస్తే ఆ ఒక్కటే మిమ్మల్ని మళ్ళీ పట్టుకుంటుంది, కాబట్టి కోడ్ మొత్తంలో # గుర్తు కోసం వెతికి ఒక్కొక్కటీ చూడండి.

ఇంతకంటే మంచి దారి అసలు అంటించకపోవడం. క్వెరీలో (దాచుకున్న వెతుకులాట వాక్యంలో) పారామీటర్, అంటే విలువ తర్వాత నింపే ఖాళీ, పెట్టి దాని రకం డేట్/టైమ్ అని ప్రకటించి, కోడ్ నుంచి విలువను నేరుగా ఇవ్వండి. అప్పుడు 45356 అంకెగానే వెళ్తుంది, అక్షరాలు కావడం, మళ్ళీ చదవడం అన్న గొడవే ఉండదు. కొత్తగా ఏది రాసినా నేను ఇలాగే రాస్తాను.

సేవ్ బటన్ గురించి మీరు ఏమీ రాయలేదు. ఫారం నేరుగా టేబుల్‌కి కట్టి ఉంటే పర్వాలేదు. అలా కాకుండా సేవ్ వెనక ఇన్సర్ట్ వాక్యం (టేబుల్‌లో కొత్త నమోదు చేర్చే ఎస్‌క్యూఎల్) రాసి అందులో కూడా తేదీని అంటించి ఉంటే, ఇండియా సెట్టింగ్ ఉన్న కంప్యూటర్లు కూడా తప్పు తేదీలు లోపలికి పంపి ఉండాలి. ముందు గదిలో సరిగ్గానే నిలుస్తోంది అన్నారు కాబట్టి అలా లేదనే అనుకుంటున్నాను, అయినా ఒకసారి కళ్ళారా చూడండి.

ఇంకోటి, వెతికే బటన్ దిద్దిన తర్వాత కూడా కొందరి పేర్లు రావడం లేదు అనిపిస్తే, వచ్చిన తేదీ పెట్టెలో డిఫాల్ట్‌గా నౌ అని పెట్టారేమో చూడండి. అది టైము కూడా పట్టుకొస్తుంది. మార్చి 5 ఉదయం పదకొండు గంటలకు వచ్చినావిడ 45356 కాదు, 45356 దాటి కొంత. సమానం అని వెతికితే దొరకదు. మార్చి 5తో సమానం లేదా ఎక్కువ, మార్చి 6 కంటే తక్కువ అని రాయండి.

ల్యాప్‌టాప్‌కి మందు సులువు. కంట్రోల్ ప్యానెల్‌లో రీజియన్ తెరిచి ఇంగ్లీష్ (ఇండియా) పెట్టండి, యాక్సెస్ మూసి మళ్ళీ తెరవండి. ఒక్కటి గుర్తుంచుకోండి, ఈ సెట్టింగ్ కంప్యూటర్‌ది కాదు, లాగిన్ అయిన మనిషిది. పగలు సిస్టర్ లాగిన్‌లో బాగుండి, రాత్రి డ్యూటీవాళ్ళ లాగిన్‌లో పాడవ్వొచ్చు. అందుకే దీని మీద మాత్రమే ఆధారపడొద్దు అంటాను. రేపు ఇంకో కంప్యూటర్ కొంటారు, విండోస్ మళ్ళీ వేయిస్తారు, ఎవరూ రీజియన్ గుర్తుపెట్టుకోరు. ఫారమే తప్పు చేయనివ్వకుండా ఉండాలి.

ఎల్‌ఎంపీకీ పుట్టిన తేదీకీ నేను ఒకే పెట్టె పెట్టను. మూడు పెడతాను: రోజు, నెల, సంవత్సరం. నెల దగ్గర టైపు చేయనివ్వను, జాబితాలో నుంచి ఎంచుకోవాలి, అందులో అంకెలు కాకుండా పేర్లు ఉంటాయి. ఆ పేర్ల జాబితాను విండోస్ నుంచి తీసుకోకుండా మీరే ఒక చిన్న టేబుల్‌గా పెట్టుకోండి. ఎందుకంటే నెల పేరు చూపించమని యాక్సెస్‌ని అడిగితే రీజియన్ తెలుగు అయితే తెలుగులో, ఒడియా అయితే ఒడియాలో చూపిస్తుంది. చూడటానికి బాగుంటుంది కానీ ఆ పేరుతో పోల్చే కోడ్ రాస్తే ఇంకో కంప్యూటర్‌లో తెగిపోతుంది. మీ దగ్గర తెలుగు సిస్టర్లు, ఒడియా సిస్టర్లు ఇద్దరూ ఉంటారు కనుక మీ టేబుల్‌లో నెల అంకె పక్కన రెండు భాషల పేర్లూ పెట్టండి. దాచేది అంకె, చూపించేది పేరు.

మూడు పెట్టెల్లోంచి డేట్‌సీరియల్ ఫంక్షన్‌తో తేదీ తయారుచేయండి. దానికి సంవత్సరం, నెల, రోజు విడివిడిగా ఇస్తాం కాబట్టి ఊహించడానికి ఏమీ మిగలదు. ఒక చిక్కుంది: 2024 ఫిబ్రవరి 30 ఇస్తే అది కూడా మాట్లాడకుండా మార్చి 1 చేసి ఇస్తుంది. కాబట్టి వచ్చిన తేదీలోని రోజు, మనం ఇచ్చిన రోజు ఒకటేనా అని చూసి, కాకపోతే ఆపండి. ఇచ్చింది తేదీయేనా అని చెప్పే ఈజ్‌డేట్ ఫంక్షన్‌ని మాత్రం నమ్మొద్దు. ఇండియా సెట్టింగ్‌లో కూడా 03/13/2024 ఇస్తే అది సరైన తేదీయే అంటుంది.

సంవత్సరం నాలుగంకెలు ఉండాల్సిందే. పుట్టిన సంవత్సరం 25 అని కొడితే యాక్సెస్ 2025 అనుకుంటుంది, 1925లో పుట్టిన నాయనమ్మ పసిపాప అవుతుంది.

ఆ మూడు పెట్టెల కింద పెద్ద అక్షరాల్లో ఒక లైను చూపించండి: 'మంగళవారం, 5 మార్చి 2024, ఈరోజుకి ఇన్ని వారాలు'. ఇది నేను చెప్పేవాటిలో అన్నిటికంటే విలువైనది అని నా నమ్మకం. తేదీ సరైనదా అని అడిగితే ఎవరూ సరిగ్గా చూడరు. వారం పేరు చదివి వినిపిస్తే మాత్రం ఎదురుగా కూర్చున్న మనిషి తప్పు పట్టేస్తుంది. రాయగడలో ఒక క్లినిక్‌లో ఇది పెట్టిన వారంలోనే చూశాను. సిస్టర్ "శుక్రవారం కదమ్మా?" అని చదివింది, ఆవిడ వెంటనే "శుక్రవారం కాదప్పా, ఆవేళ సంతకెళ్ళాను, మంగళవారం" అంది. మార్చి 5 మంగళవారం, మే 3 శుక్రవారం. అంకె తప్పు అంకె దగ్గర దొరకలేదు, సంత దగ్గర దొరికింది.

వాలిడేషన్ (హద్దు దాటిన విలువను ఆపే నిబంధన) కూడా పెట్టండి: ఎల్‌ఎంపీ ఈరోజు దాటకూడదు, 300 రోజుల కంటే వెనక్కి ఉండకూడదు. కాకపోతే దీన్ని నమ్ముకుని ఊరుకోవద్దు. మీ కేసే చూడండి. ఏప్రిల్ 7 జూలై 4 అయింది. ఆవిడ ఆగస్టులో నమోదైతే జూలై 4 కూడా ఆ హద్దుల లోపలే ఉంది, నిబంధన కిమ్మనదు.

ఇక పాడైన తేదీలు. ముందు ఫైలు కాపీ తీసి పెన్‌డ్రైవ్‌లో వేసి బీరువాలో పెట్టండి. టేబుల్‌లో రెండు నిలువు వరుసలు కలపండి, ఒకటి పాత తేదీ అని, రెండోది సరిచూసినట్టు టిక్ కొట్టడానికి. ఇప్పుడున్న తేదీలన్నిటినీ పాత తేదీలోకి నకలు చేయండి. అనుమానితులు ఎవరంటే రోజు 12 లేదా అంతకంటే తక్కువ ఉండి, రోజు అంకె నెల అంకెతో సమానం కానివాళ్ళు. వాళ్ళందర్నీ ఒక్క దెబ్బతో తిప్పేయాలని అనిపిస్తుంది. వద్దు. ముందు గదిలో నమోదైన సరైన తేదీలు కూడా వాటిలోనే కలిసి ఉన్నాయి, అవి చెడిపోతాయి.

వచ్చిన తేదీల్లో దొంగల్ని పట్టడం తేలిక. ఆటోనంబర్ (నమోదైన వరుసలో యాక్సెస్ తనే వేసే నంబర్) వరుసలో పెట్టి చూడండి. నంబర్ పెరిగేకొద్దీ తేదీ కూడా పెరగాలి. మార్చి 4, మార్చి 4, మే 3, మార్చి 5, మార్చి 5 అని ఉంటే ఆ మే 3 ఎక్కడి నుంచి వచ్చిందో చెప్పక్కర్లేదు. ఇంకో గుర్తు, తారుమారైన తేదీల్లో రోజు అంకె ఎప్పుడూ అసలు నెల. మార్చిలో నమోదైన తప్పులన్నీ ఏదో ఒక నెల మూడో తారీఖుగా కనిపిస్తాయి. ఎల్‌ఎంపీకి ఈ వరుస పనికిరాదు, దానికి స్కానింగ్ రిపోర్టులో రాసిన వారాలు ఒక సాక్ష్యం, ఓపీ రిజిస్టర్ రెండో సాక్ష్యం. రెండూ చూసి టిక్ కొట్టండి. టిక్ ఉన్నవాళ్ళకు మాత్రమే డేట్‌సీరియల్‌లో సంవత్సరం, తర్వాత పాత తేదీలోని రోజును నెల స్థానంలో, నెలను రోజు స్థానంలో ఇచ్చి అప్‌డేట్ నడపండి. పాత తేదీ వరుస నుంచే చేయమంటున్నది ఎందుకంటే, ప్రస్తుత తేదీ నుంచి చేసి పొరపాటున రెండుసార్లు నడిపితే మళ్ళీ తప్పు తేదీ తిరిగొస్తుంది. ప్రసవం తేదీని టేబుల్‌లో దాచుకుని ఉంటే దాన్ని తీసేయండి. క్వెరీలో ఎల్‌ఎంపీకి 280 కలిపి చూపిస్తే చాలు, మూలం దిద్దితే అదీ దిద్దుకుంటుంది.

గ్రామాల నుంచి ఆశా కార్యకర్తల జాబితాలు ఎక్సెల్‌లో వస్తాయని రాశారు, అక్కడ కూడా జాగ్రత్త. అమెరికా సెట్టింగ్ ఉన్న ల్యాప్‌టాప్‌లో సీఎస్‌వీ ఫైలు మీద డబుల్ క్లిక్ చేస్తే 05/03/2024 మే 3గా మారిపోయి పెట్టెలో కుడి వైపుకి జరుగుతుంది, 13/03/2024 మాత్రం అర్థంకాక మామూలు అక్షరాలుగా ఎడమ వైపున ఉండిపోతుంది. ఒకే వరుసలో కొన్ని కుడికి, కొన్ని ఎడమకి కనిపించాయంటే ఆ ఫైలు అప్పటికే చెడింది, సేవ్ చేయకుండా మూసేయండి. డబుల్ క్లిక్ చేయకుండా, ఎక్సెల్‌లో టెక్స్ట్ ఇంపోర్ట్ విజార్డ్ ద్వారా తేదీ రకం డీఎమ్‌వై (రోజు, నెల, సంవత్సరం) అని చెప్పి తెచ్చుకోవాలి.

మన సరిహద్దుకి ప్రత్యేకమైన సంగతులు కొన్ని ఉన్నాయి, ఏ సాఫ్ట్‌వేర్ పుస్తకంలోనూ ఉండవు. తెలుగువాళ్ళమైనా ఒడియావాళ్ళైనా రోజు ముందే రాస్తాం కాబట్టి మనుషుల మధ్య ఆ తగువు లేదు. కానీ పాత రిజిస్టర్లు ఒడియా అంకెల్లో ఉంటాయి. చేతిరాతలో ఒడియా నాలుగు మనకు ఎనిమిదిలా కనిపిస్తుంది. ఏప్రిల్ కాస్తా ఆగస్టు అవుతుంది, దాన్ని ఏ నిబంధనా పట్టలేదు. పాత రిజిస్టర్ ఎక్కించేటప్పుడు ఒడియా చదవగలిగే మనిషిని పక్కన కూర్చోబెట్టుకోండి.

చాలామంది తేదీ చెప్పరు. "రథయాత్ర మర్నాడు", "ఉగాదికి నాలుగు రోజుల ముందు" అంటారు. అవి వదిలేయకండి, చాలాసార్లు అంకెల కంటే అవే నిజం. 2024లో రథయాత్ర జూలై 7, ఉగాది ఏప్రిల్ 9. ఇలాంటి పండగల తేదీలు రెండు మూడేళ్ళవి ఒక చిన్న టేబుల్‌గా పెట్టి ఫారం పక్కనే కనబడేలా చేస్తే సిస్టర్‌కి లెక్క సులువు. తిథి చెప్తే మాత్రం ఏ ఇంటి తిథో అడగండి. మనం అమావాస్యతో నెల ముగిస్తాం, ఒడియా పంచాంగంలో తిథుల నెల పౌర్ణమితో ముగుస్తుంది. శుద్ధ పక్షంలో పేర్లు కలుస్తాయి, బహుళంలో కలవవు. మన కార్తీక బహుళ పంచమి వాళ్ళకు మార్గశిర కృష్ణ పంచమి. ఒకే రోజు, రెండు నెలల పేర్లు. పిల్లల పుట్టినరోజులు ఎక్కించేటప్పుడు ఇక్కడ నెల తేడా పడటం నేను చూశాను.

అందుకే తేదీ పక్కన ఇంకో చిన్న జాబితా పెట్టమంటాను: 'కాగితం చూసి', 'మనిషి చెప్పింది', 'పండగను బట్టి', 'అందాజు'. వయసు మాత్రమే తెలిసినప్పుడు జనవరి 1 అని కొట్టేసే అలవాటు అన్ని ఆఫీసుల్లోనూ ఉంది. పుట్టిన సంవత్సరం మాత్రమే ఉన్న ఆధార్ కార్డులు మీ దగ్గరకీ వస్తాయి. జనవరి 1 కొట్టండి, కానీ పక్కన అందాజు అని ఉండాలి, లేకపోతే పదేళ్ళ తర్వాత అదే అసలు తేదీ అయి కూర్చుంటుంది.

క్లినిక్‌తో సంబంధం లేదు గానీ, ఈ జిల్లాల్లో పాత దస్తావేజులు కంప్యూటర్‌లోకి ఎక్కించే పని ఎవరికైనా తగిలితే పనికొస్తుందని చెప్తున్నాను. వాటిలో గజపతుల (ఒడిశా రాజుల) అంక సంవత్సరాలు, అంటే రాజు పాలనలో ఏడుల లెక్క, ఉంటాయి. అది మామూలు లెక్క కాదు. ఒకటి ఉండదు, పట్టాభిషేకమైన ఏడే 2వ అంకం. ఆరుతో ముగిసేవన్నీ వదిలేస్తారు. సున్నాతో ముగిసేవి కూడా వదిలేస్తారు, 10 ఒక్కటి తప్ప. ఆ లెక్కన 21వ అంకం అంటే పాలనలో 17వ ఏడు. కొత్త అంకం మొదలయ్యేది భాద్రపద శుద్ధ ద్వాదశి నాడు, సునియా అంటారు. ఇలాంటివాటిని డేట్/టైమ్ ఫీల్డ్‌లోకి బలవంతంగా తోయకూడదు. కాగితం మీద ఉన్నది ఉన్నట్టు అక్షరాలుగా ఒక చోట, మీరు మార్చిన తేదీ ఇంకో చోట, ఎవరు మార్చారో మూడో చోట.

రేపు దీన్ని వెబ్‌కి మార్చాలనుకుంటున్నారని చివర్లో అడిగారు. బ్రౌజర్‌లోని తేదీ పెట్టె మనిషికి ఎలా చూపించినా సర్వర్‌కి పంపేది సంవత్సరం, నెల, రోజు వరుసలోనే, అది మంచి సంగతి. పీహెచ్‌పీ వాడితే అక్షరాలను తేదీగా మార్చే స్ట్రటోటైమ్ ఫంక్షన్‌కి ఏటవాలు గీతల తేదీ ఇవ్వకండి, దాన్ని అమెరికా పద్ధతిగా చదువుతుంది, అడ్డగీతలుంటే రోజు ముందు అనుకుంటుంది. డేటాబేస్ విషయానికొస్తే, పోస్ట్‌గ్రెస్ మామూలుగా నెల ముందు చదివేలా వస్తుంది. ఎస్‌క్యూఎల్ సర్వర్‌లో అది లాగిన్ భాషను బట్టి మారుతుంది, అక్కడ గీతలు లేకుండా 20240305 అని ఇవ్వడం క్షేమం. మైఎస్‌క్యూఎల్‌కి 2024-03-05 అని ఇవ్వండి. జావాస్క్రిప్ట్‌లో స్థానిక అర్ధరాత్రికి తయారైన తేదీని ఐఎస్‌ఓ అక్షరాలుగా మారిస్తే మనకు ఒక రోజు వెనక్కి పోతుంది, మన టైము గ్రీనిచ్ కంటే ఐదున్నర గంటలు ముందు కాబట్టి మార్చి 5 అర్ధరాత్రి అక్కడ ఇంకా మార్చి 4 సాయంత్రం ఆరున్నర. ఎల్‌ఎంపీ, పుట్టిన తేదీ లాంటివాటికి టైము అసలు తగలనివ్వకండి.

వెబ్ సంగతి తర్వాత చూద్దాం. ముందు మూడు కంప్యూటర్లలో, ప్రతి లాగిన్‌లో రీజియన్ ఏముందో, 05/03/2024 కొడితే ఏ నెల పేరు కనిపించిందో రాయండి. వెతికే బటన్, సేవ్ బటన్ వెనక ఉన్న కోడ్ కూడా పెట్టండి, పేషెంట్ల పేర్లు, ఫోన్ నంబర్లు ఏవైనా ఉంటే తీసేసి. ఈ రాత్రి తీసే జాబితాలో నెలలు నిండుతున్నవాళ్ళు ఎవరైనా బయటపడితే వాళ్ళకు ముందు ఫోన్ చేయించండి, ఫోన్ దొరక్కపోతే ఆ ఊరి ఆశా అక్కకు కబురు పెట్టండి.